మొదటి ఫాల్టుకి ట్రిప్ అవ్వదు: అంబత్తూరు షెడ్డులో ఓడ కరెంటు డైరీ

డిసెంబర్ 7, ఆదివారం

ఈ పనికి మూలం 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను. చెన్నైలోని అంబత్తూరు ఎస్టేటులో మా షెడ్డు ఉన్న వీధిలో మోకాళ్ళ పైదాకా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక ప్యానెళ్ళన్నీ ఆరబెట్టి, మెగ్గర్ (వైరు తొడుగు, అంటే ఇన్సులేషన్, ఎంత బాగుందో కొలిచే మీటరు) వేసి, బాగున్నవి మళ్ళీ కలిపాం. రెండు నెలల తర్వాత ఒక్కొక్కటే ట్రిప్ అవడం మొదలైంది. ఏ కేబులో, ఏ బాక్సో కనిపెట్టడానికి ఫీడర్లు (ఒక్కో భాగానికి కరెంటు తీసుకెళ్ళే లైన్లు) ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్ళాం. ఆపిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి మెషీన్ ఆగింది.

ఆ మాట బాబాయ్‌తో చెప్పినప్పుడు ఆయన, "మీరు నేల మీదున్నారు కాబట్టి ఆపగలిగారమ్మా. సముద్రంలో ఎవర్ని ఆపమంటావు? రాడార్నా, స్టీరింగునా, మంటలార్పే పంపునా?" అన్నారు. బాబాయ్‌ది శ్రీకాకుళం. నేవీలో ఎలక్ట్రికల్ వైపు చాలా ఏళ్ళు చేసి రిటైరై, ఇప్పుడు ఆవడిలో ఉంటున్నారు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అందుకే ఓడలోని పంపిణీ వ్యవస్థకి చిన్న నమూనా కట్టి, ఎర్త్ ఫాల్టు (కరెంటు వైరు ఎర్త్‌కి లీకవడం) ఎక్కడుందో ఏ ఫీడరూ ఆపకుండా పట్టుకోవచ్చా అని చూడబోతున్నాను. ఆదివారాలు షెడ్డు ఖాళీ. నేను, మా వైర్‌మన్ తమ్ముడు (నెల్లూరు కుర్రాడు, నన్ను అక్కా అంటాడు), వీలైనప్పుడు బాబాయ్.

ఓడ కరెంటుకీ ఇంటి కరెంటుకీ ఉన్న అసలు తేడా ముందే రాసుకుంటాను, పని మొత్తం దాని మీదే ఆధారపడింది కాబట్టి. ఇంట్లో న్యూట్రల్‌ని భూమికి కలుపుతారు. ఫేజు ఎక్కడైనా ఎర్త్‌ని తాకితే పెద్ద కరెంటు పారి బ్రేకర్ పడిపోతుంది. యుద్ధనౌకల్లో సాధారణంగా న్యూట్రల్‌ని గానీ ఏ ఫేజుని గానీ హల్‌కి, అంటే ఓడ ఉక్కు ఒంటికి, కలపరు. 440 వోల్టుల, 60 హెర్ట్జ్ వ్యవస్థలో ఒక ఫేజు హల్‌ని తాకినా పెద్ద కరెంటు తిరిగి వెళ్ళడానికి దారి ఉండదు. ఏదీ ట్రిప్ అవ్వదు. మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. దెబ్బ తిన్న ఓడ కూడా పోరాడుతూ ఉండాలనే అలా కట్టారు.

దానికి చెల్లించే ధర కూడా ఉంది. మామూలుగా ప్రతి ఫేజుకీ హల్‌కీ మధ్య 254 వోల్టులుంటాయి. ఒక ఫేజు హల్‌కి అంటుకోగానే మిగతా రెండింటి మీద అది 440కి పెరుగుతుంది. ఓడంతటా ఉన్న ఇన్సులేషన్ ఆ ఒత్తిడి మోస్తూ ఉంటుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ రెండోది తెగుతుంది. రెండో ఫాల్టు వేరే ఫేజు మీద పడితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. అప్పుడు రెండు ఫీడర్లు ఒకేసారి పోవచ్చు, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేనివి.

"మొదటి ఫాల్టుకి ఏటీ అవ్వదు కదా అని ఒగ్గేత్తారమ్మా. ప్రమాదం అక్కడే ఉంది," అన్నారు బాబాయ్.

డిసెంబర్ 14

గోవిందప్ప నాయకన్ వీధిలో సామాను కొన్నాం: 415/110 వోల్టుల 3 కేవీఏ త్రీఫేజు ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్లు, కంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), టెర్మినళ్ళు (వైర్లు బిగించేవి). ఎలక్ట్రానిక్స్ అంతా రిచీ స్ట్రీట్‌లో. 440 వోల్టుల మీద ఫాల్టులు పెట్టి ఆడే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. 110 అయితే లెక్కలు అవే, ప్రమాదం తక్కువ. తక్కువంటే లేదని కాదు. ఒక ఫేజు ఫ్రేముకి తగిలి ఉండగా ఇంకో ఫేజు ముట్టుకుంటే పూర్తి 110 వోల్టులు మన ఒంట్లోంచే వెళ్తాయి. తమ్ముడికి ఈ మాట మూడుసార్లు చెప్పాను. రబ్బరు మ్యాటు వేశాం, అత్యవసర స్టాప్ బటన్ బల్ల అంచునే పెట్టాం.

యాంగిల్ ఐరన్‌తో ఆరడుగుల ఫ్రేము వెల్డింగ్ చేయించాం. అదే మన ఓడ. ఎడమ వైపొక బోర్డు, కుడి వైపొక బోర్డు, ఒక్కోదానికి మూడు ఫీడర్లు, మధ్యలో కలిపే బస్ టై. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ స్టార్ పాయింటుని (మూడు ఫేజులూ కలిసే న్యూట్రల్ చోటుని) దేనికీ కలపకుండా టేపు చుట్టి వదిలేశాం. లోడుగా ప్యానెల్ ఫ్యాన్లు, బల్బులు, హీటరు, పక్క వీధి రివైండింగ్ ఆయన 110 వోల్టులకి చుట్టిచ్చిన చిన్న మోటారు.

ఓడలో కిలోమీటర్ల కొద్దీ కేబులు ఉంటుంది. ప్రతి కేబులూ హల్‌తో కలిసి ఒక కెపాసిటర్. ఎలక్ట్రానిక్ పరికరాల్లోని ఫిల్టర్లు కూడా హల్‌కి కెపాసిటర్లు కలుపుతాయి. మా ఆరడుగుల ఓడలో అది లేదు కాబట్టి ప్రతి ఫీడరులో, ప్రతి ఫేజు నుంచి ఫ్రేముకి 0.47 మైక్రోఫారడ్ చొప్పున పెట్టాం. మొత్తం 18. కలిపితే 8.46 మైక్రోఫారడ్. ఈ అంకె తర్వాత నన్ను చాలా ఏడిపించింది.

డిసెంబర్ 21

ఇవాళ రెండు పరికరాలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది.

పాతది మూడు బల్బులు. ప్రతి ఫేజు నుంచి ఒక బల్బు, మూడిటి రెండో కాలూ ఫ్రేముకి. అంతా బాగుంటే మూడూ ఒకేలా మసగ్గా వెలుగుతాయి. ఒక ఫేజుని జంపర్‌తో ఫ్రేముకి తాకించాను. ఆ ఫేజు బల్బు ఆరిపోయింది, మిగతా రెండూ ప్రకాశంగా వెలిగాయి. ఫ్యాన్లు మాత్రం ఏమీ జరగనట్టే తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళుగా నేను లెక్కల్లో చదివినది అలా కళ్ళముందు జరిగేసరికి కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. తమ్ముడు, "అక్కా, దీన్ని ఎవరూ చూడకపోతే?" అన్నాడు. సరిగ్గా అదే ప్రశ్న.

కొత్తది ఇన్సులేషన్ మానిటర్. ఫేజులకీ ఫ్రేముకీ మధ్య 100 కిలోఓమ్స్ ద్వారా 24 వోల్టుల డీసీ పెట్టి, ఎంత పారుతుందో చూసి, మొత్తం వ్యవస్థ ఇన్సులేషన్ ఎంతో చెప్పాలి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దాని సొంత ఏడీసీని (వోల్టేజీని అంకెగా మార్చే భాగాన్ని) నమ్మలేక పక్కన ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ చిప్. ఆన్ చేస్తే 300 ఓమ్స్ కూడా లేదని చూపించింది. వైరింగ్ అంతా వెతికాం. రెండు గంటలు పోయాయి. బాబాయ్ వచ్చి బల్బుల వైపు చూసి, "వాటికి నొక్కుడు బటన్ ఏదమ్మా?" అన్నారు. నిజమే. 110 వోల్టుల, 15 వాట్ల బల్బు అంటే ఎనిమిది వందల ఓమ్స్. మూడూ సమాంతరంగా ఫ్రేముకి కలిసి ఉన్నాయి. ఫాల్టుని చూపించే దీపమే పెద్ద ఫాల్టు అయి కూర్చుంది. కొన్ని ఓడల్లో దీపాలు నొక్కినప్పుడే కలిసేలా ఎందుకు పెడతారో అప్పుడు అర్థమైంది. పుష్ బటన్ పెట్టాం.

అయినా మానిటరు 110 కిలోఓమ్స్ దగ్గరే నిలబడింది. మెగ్గర్ వేస్తే వందల మెగాఓమ్స్. కారణం ఇంటికెళ్ళాక తట్టింది: ఆ 8.46 మైక్రోఫారడ్. 100 కిలోఓమ్స్ గుండా ఆ కెపాసిటర్లు నిండడానికి టైమ్ కాన్‌స్టెంట్ (దాదాపు మూడింట రెండు వంతులు నిండే సమయం) 0.85 సెకన్లు. నేనేమో సెకనుకోసారి డీసీ దిశ మారుస్తున్నాను. కెపాసిటర్లు నిండే కరెంటునే లీకేజీ అనుకుని చదువుతున్నాను. దిశ మార్చే వ్యవధి 5 సెకన్లకి పెంచగానే మెగాఓమ్స్ చూపించింది. నిజమైన ఓడలో కెపాసిటెన్స్ ఇంతకి చాలా రెట్లు ఉంటుంది కాబట్టి అక్కడి మానిటర్లు ఒక రీడింగుకి ఇంకా చాలాసేపు ఆగాల్సి వస్తుంది. తొందరపడిన మానిటరు ఊరికే అలారం మోగిస్తుంది. ఊరికే మోగే అలారాన్ని నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు నొక్కేస్తారు.

డిసెంబర్ 28

ఏ ఫీడరు? ఇప్పుడు అసలు పని.

ప్రతి ఫీడరు మూడు వైర్లూ కలిపి ఒక కోర్ బ్యాలెన్స్ సీటీ (లోపలి వైర్ల కరెంట్ల మొత్తాన్ని కొలిచే రింగు) గుండా పంపాం. బాగున్న ఫీడరులో మూడు కరెంట్ల మొత్తం సున్నా. లీకేజీ ఉంటే సున్నా కాదు. నాలుగో ఫీడరులో ఒక ఫేజుని నేరుగా ఫ్రేముకి కలిపాను. లెక్క ప్రకారం మొత్తం కెపాసిటివ్ కరెంటు 169 మిల్లీఆంప్స్. ఫాల్టున్న ఫీడరు సీటీలో మిగతా అయిదింటి వాటా, అంటే 141 కనిపించాలి. బాగున్నవాటిలో ఒక్కోదానిలో 28. మీటరులో 138, 27 వచ్చాయి. అయిదింతల తేడా, అనుమానం లేదు. తమ్ముడు సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

జనవరి 4

ఇవాళ చాలా నిరాశగా ఉంది.

పూర్తిగా తగిలిన ఫాల్టు పట్టుకోవడం సులువే. ఓడలో ఫాల్టు అలా రాదు. ఉప్పు తేమ గ్లాండు (కేబులు బాక్సులోకి వెళ్ళే చోటి సీలు) గుండా బాక్సులోకి పాకుతుంది. మెగాఓమ్స్ వందల కిలోఓమ్స్ అవుతాయి, తర్వాత పదులు. పట్టుకోవాల్సింది ఆ దశలో. 50 కిలోఓమ్స్ రెసిస్టర్‌ని నాలుగో ఫీడరులో పెట్టాను. సీటీలో రావాల్సింది ఒక మిల్లీఆంప్. కానీ ఏ ఫాల్టూ లేనప్పుడే ప్రతి ఫీడరులో ఒకటి, ఒకటిన్నర మిల్లీఆంప్స్ ఉంటున్నాయి. ఎందుకంటే 0.47 అని రాసిన కెపాసిటర్లు ఏవీ కచ్చితంగా 0.47 కావు, మూడు ఫేజులూ సమానంగా ఉండవు. నిజమైన కేబుళ్ళు కూడా అంతే. ఫాల్టు ఆ గోలలో కలిసిపోయింది.

సరే, కదిపి చూద్దాం అనుకున్నాను. ఒక ఫేజుని 2.2 కిలోఓమ్స్ ద్వారా సెకను పాటు ఫ్రేముకి కలపడం, సెకను వదలడం. ఫాల్టున్న ఫీడరు ఆ లయలో ఊగితే పట్టుకోవచ్చు. ఊగింది. ఒకటి కాదు, ఆరూ ఊగాయి. ప్రతిదీ 4.7 మిల్లీఆంప్స్. ఫాల్టున్నదీ లేనిదీ ఒకటే. తర్వాత లెక్క వేస్తే విషయం తేలింది: 50 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్లన్నీ కలిసి 376 ఓమ్స్. ఏసీ నీటిలాంటిది, సులువైన దారి దొరికితే 50 కిలోఓమ్స్ జోలికి ఎందుకు వెళ్తుంది? కరెంటు మొత్తం కెపాసిటర్ల గుండా ఆరు వాటాలుగా పంచుకుని పోయింది.

కెపాసిటర్ దాటలేనిది డీసీ ఒక్కటే. అంటే ఆ దారే పట్టాలి.

జనవరి 10

ఓడ పని కాదు, టెర్మినళ్ళ పని. అయినా ఇదే ఎక్కువ రాయాలనిపిస్తోంది.

పొద్దున మూడో ఫీడరు ఫ్యాను ఆగి ఆగి తిరుగుతోంది. బల్ల మీద చెయ్యి ఆనిస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. ఒక స్ప్రింగ్ క్లాంప్ టెర్మినల్లో వైరు పైకి బాగానే కనిపిస్తోంది. లాగితే ఊడి చేతికొచ్చింది. వైరు చివర ఫెర్రూల్ (కొసకి నొక్కి బిగించే చిన్న లోహపు తొడుగు) ఉంది. దాని మీదికి నంబరు రాసిన ప్లాస్టిక్ లేబుల్ గొట్టం జారి వచ్చింది. టెర్మినల్ నోటికి ఆ గొట్టం అడ్డం పడి, ఫెర్రూల్ సగమే లోపలికి వెళ్ళింది. స్ప్రింగు ఫెర్రూల్ కొసని మాత్రం పట్టుకుంది. అద్దం పెట్టి చూశాను. ఫెర్రూల్ మీద స్ప్రింగు గీసిన గీత కొసకి ఒక మిల్లీమీటరు లోపే ఉంది.

ఆ వైరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి వంతెన స్తంభాన్ని ఢీకొట్టింది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలి, ఆ రాత్రి రోడ్డు గుంటలు పూడుస్తున్న వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2025 నవంబరులో తేల్చిన కారణం ఇదే: లేబుల్ గొట్టం అడ్డుపడి వైరు స్ప్రింగ్ క్లాంపులోకి పూర్తిగా వెళ్ళలేదు, ఆ వైరు వదులై బ్రేకర్ తెరుచుకుంది. అది యుద్ధనౌక కాదు. కానీ టెర్మినల్‌కి ఆ తేడా తెలియదు. లేబుల్ మేమూ అలాగే ఎక్కిస్తాం. మాకెవరూ తప్పని చెప్పలేదు. మేమూ ఎవరికీ చెప్పలేదు.

బెంచ్ మీదున్న టెర్మినళ్ళు అన్నీ, 214, ఒక్కొక్కటే లాగి చూశాం. ఇంకో రెండు దొరికాయి. ఇకనుంచి షెడ్డులో నియమం: లేబుల్ ఫెర్రూల్ కాలరుకి వెనకే ఉండాలి, వైరు పెట్టిన మనిషే లాగి చూడాలి, స్క్రూ టెర్మినలైతే టార్క్ డ్రైవరుతో బిగించి, స్క్రూ తల మీదుగా రంగు గీత గీయాలి. గీత విరిగితే స్క్రూ కదిలినట్టు. తమ్ముడు సాయంత్రం మళ్ళీ తనే మొదటినుంచీ లాగుతూ వచ్చాడు, నేను చెప్పకుండానే.

జనవరి 18

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాం. బాబాయ్ అరిసెలు తెచ్చారు.

డీసీ పల్సు. 24 వోల్టులు, 2.2 కిలోఓమ్స్, 50 కిలోఓమ్స్ ఫాల్టు: పారేది 0.46 మిల్లీఆంప్. అది కూడా కొన్ని ఆంపియర్ల ఏసీ మోస్తున్న వైర్లలో వెతకాలి. మామూలు సీటీ డీసీని చూడలేదు. హాల్ సెన్సర్లు (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంటు కొలిచేవి) తెచ్చాం, షెడ్డు తలుపు తీసి గాలి తగిలితేనే రీడింగు మిల్లీఆంప్స్ కొద్దీ పక్కకి జరిగిపోతోంది. చివరికి ఫ్లక్స్‌గేట్ అనే సెన్సరు మేమే చుట్టుకున్నాం. నానోక్రిస్టలైన్ అనే అయస్కాంత లోహపు రింగు మీద 200 చుట్లు, దాన్ని అటూ ఇటూ నిండా సాచురేట్ చేసే (ఇంక అయస్కాంతం పట్టనంతగా నింపే) స్క్వేర్ వేవ్. రింగు మధ్యలోంచి చిన్న డీసీ పోతే ఒక దిశలో తొందరగా సాచురేట్ అవుతుంది, ఇంకో దిశలో ఆలస్యంగా. ఆ తేడాయే కొలత.

రింగు గుండా మూడు వైర్లనీ అయిదుసార్లు తిప్పాం, సిగ్నల్ అయిదింతలవుతుంది. ఓడలో లావుపాటి కేబుళ్ళని అలా తిప్పడం కుదరదు కాబట్టి ఇది బెంచ్ మీద మాత్రమే చెల్లే వెసులుబాటు అని ఇక్కడే రాసుకుంటున్నాను. సరిగ్గా 100 సైకిళ్ళు, అంటే 2 సెకన్లు సగటు తీస్తే ఏసీ తనంతట తనే కొట్టుకుపోతుంది. డీసీ దిశ మార్చి మళ్ళీ చదివి, రెండింటి తేడా తీసుకుంటే సెన్సర్ పక్కకి జరిగినా లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం మూడు గంటలకి తెర మీద: ఒకటి 0.02, రెండు 0.03, మూడు 0.01, నాలుగు 0.44, అయిదు 0.02, ఆరు 0.04. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మోటారు తిరుగుతోంది. ఏదీ ఆపలేదు. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "మేం రాత్రంతా బ్రేకర్లు ఒక్కొక్కటే తీసుకుంటూ, ప్రతిదానికీ అనుమతి అడుక్కుంటూ వెతికేవాళ్ళం," అన్నారు.

జనవరి 25

రెసిస్టర్ మర్యాదగా కూర్చునే ఫాల్టు. నిజమైనది కావాలి. తమ్ముడు కాసిమేడు నుంచి రెండు సీసాల సముద్రపు నీళ్ళు తెచ్చాడు. రెండో ఫీడరు జంక్షన్ బాక్స్ గ్లాండుని ఒక చుట్టు వదులు చేసి, సప్లై ఆపి ఉండగా రోజుకి రెండుసార్లు స్ప్రే చేశాడు, తర్వాత మూత పెట్టి కరెంటు ఇచ్చాం. ఆదివారం 200 మెగాఓమ్స్ పైన. మంగళవారం 9. గురువారం 600 కిలోఓమ్స్. శనివారం పొద్దున 70, మధ్యాహ్నం ఎండకి 400, రాత్రి మళ్ళీ 45. ఆ ఎక్కి దిగడం చూడాల్సిన విషయం. మధ్యాహ్నం పరీక్ష చేసేవాడు బాగుందని సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ఎప్పుడూ చూస్తూ ఉండే మానిటరు ఎందుకు కావాలో దీనికి మించి చెప్పలేను. అందుకే అలారంతో పాటు వారం రోజుల గ్రాఫు కూడా తెర మీద పెట్టాను. రోజూ రాత్రి పడే లోతు పెరుగుతూ ఉంటే అలారం రాకముందే వెళ్ళి బాక్స్ తెరవచ్చు.

తెరిచాం. టెర్మినల్‌కీ బాక్స్ ఒంటికీ మధ్య తెల్లటి ఉప్పు చార, దాని మధ్యలో వెంట్రుకంత నల్లటి గీత. ఆ గీత మీద కరెంటు అప్పటికే నడవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 1

తమ్ముడు అడిగాడు: "పెద్ద జనరేటర్లు పెట్టేస్తే ఇవన్నీ ఎందుకక్కా?" బ్రిటిష్ టైప్ 45 డెస్ట్రాయర్ల సంగతి చెప్పాను. వాటిలో రెండు డబ్ల్యూఆర్-21 గ్యాస్ టర్బైన్లు, ఒక్కోటి 20 మెగావాట్ల పైన. వేడి సముద్రాల్లో వాటి ఇంటర్‌కూలర్ (లోపలి గాలిని చల్లబరిచే భాగం) దగ్గర ఇబ్బంది వచ్చి టర్బైన్ ఆగిపోయేది. అంత లోడూ ఒక్కసారిగా రెండు చిన్న డీజిల్ జనరేటర్ల మీద పడి, అవీ ఆగి, ఓడంతా చీకటి. చివరికి రెండు డీజిళ్ళ స్థానంలో ఇంకా పెద్దవి మూడు పెడుతున్నారు, ఆ మార్పు మొదట హెచ్ఎంఎస్ డాంట్‌లెస్‌కి చేశారు. ఎంత పెద్దది పెట్టామన్నది కాదు, ఒకటి పోయినప్పుడు మిగిలినవి మోయగలవా, మోయలేకపోతే ఏ లోడు ముందు వదిలెయ్యాలో ముందే రాసి ఉందా అన్నది ప్రశ్న.

ఇవాళ్టి పరీక్ష దాని చిన్న రూపం. ఎడమ బోర్డు పోతే ముఖ్యమైన లోడు కుడి బోర్డుకి తనే మారాలి. కంటాక్టర్లతో చేశాం, 240 మిల్లీసెకన్లు పట్టింది. బల్బు ఒకసారి కొట్టుకుంది, అంతే. చిన్న కంప్యూటరు మాత్రం రీస్టార్ట్ అయి 38 సెకన్లకి లేచింది. దానికి బ్యాటరీ అండ పెట్టక తప్పదు. ఇంకో చిక్కు మోటారు: సప్లై పోయినా అది తిరుగుతూ కాసేపు తనే వోల్టేజీ పుట్టిస్తుంది, సప్లై పోయిందో లేదో కనిపెట్టే రిలే దాన్ని చూసి సప్లై ఉందనుకుంటుంది. సెట్టింగ్ పైకి జరిపాం.

పంపుల విషయం మీద బాబాయ్ చాలాసేపు మాట్లాడారు. స్టార్టర్లు రెండు రకాలు: కరెంటు తిరిగొస్తే తనే మొదలయ్యేది, మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా ఆగేది. ఏ మోటారుకి ఏది అన్నది ప్రాణాల విషయం. లేత్ లాంటిది తనంతట తను తిరిగితే చేతులు పోతాయి. జనరేటరుకి ఇంధనం అందించే పంపు తిరగకపోతే ఓడ పోతుంది. డాలీలో రెండోసారి కరెంటు పోవడానికి కారణం అదే. జనరేటర్లకి ఇంధనం పంపడానికి వాడుతున్న ఫ్లషింగ్ పంపు మొదటి బ్లాకౌట్ తర్వాత తనంతట తను మొదలయ్యే రకం కాదు.

తర్వాత ఆయన గొంతు మారింది. 2000 అక్టోబరు 12న యెమెన్‌లోని ఏడెన్‌లో అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ కోల్ మీద దాడిలో 17 మంది నావికులు పోయారు. ఆ తర్వాత కరెంటు లేక, పంపులు లేక, మిగిలినవాళ్ళు బకెట్లతో నీళ్ళు తోడి ఓడని నిలబెట్టారు. "కరెంటు మనిషికి డ్యూటీలో గుర్తుండాల్సింది ఆ బకెట్లేనమ్మా," అన్నారు. కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

ఫిబ్రవరి 8

ఇవాళ బాబాయ్ పరీక్ష పెట్టారు. మమ్మల్ని టీకి పంపించి, సప్లై ఆపి, పన్నెండు జంక్షన్ బాక్సుల్లో ఏదో ఒకదానిలో ఏదో ఒక విలువ రెసిస్టర్ పెట్టి, మూతలన్నీ బిగించి, మళ్ళీ ఆన్ చేశారు. షరతు ఒకటే: ఏ లోడూ ఆగకూడదు. మోటారు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టారు, ఆపితే తనకి తెలిసిపోతుందట.

మానిటరు 20 సెకన్లకి అలారం ఇచ్చింది: 82 కిలోఓమ్స్. పల్సు పెట్టాం. అయిదో ఫీడరులో 0.27, మిగతావి 0.04 లోపు. లెక్క సరిపోయింది, 24ని 84.2తో (82కి పల్సు దారిలోని 2.2 కలిపి) భాగిస్తే 0.285. అయిదో ఫీడరుకి రెండు బాక్సులు. ఏ బాక్సో తేలాలంటే మధ్యలో వైర్లు పైకి కనిపించే చోట తెరిచే రకం (రెండు సగాలుగా విప్పి వైర్ల చుట్టూ పెట్టే) ఫ్లక్స్‌గేట్ కావాలి, అది మా దగ్గర లేదు. ఉన్న రింగునే ముందే రెండు బాక్సుల మధ్య ఎక్కించి ఉంచాల్సింది. కాబట్టి బాక్స్ దాకా వెళ్ళలేకపోయాం, ఫీడరు దాకానే. మొత్తం 3 నిమిషాల 20 సెకన్లు. గ్లాసులో నీళ్ళు మోటారు అదురుకి సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

బాబాయ్ సప్లై ఆపించి, అయిదో ఫీడరు రెండో బాక్స్ మూత తీసి, రెసిస్టర్ బయటికి లాగి రంగు గీతలు చూపించారు: బూడిద, ఎరుపు, నారింజ. 82 కిలోఓమ్స్. తర్వాత ఆ టెర్మినల్లో వైరు తిరిగి పెట్టి, లేబుల్ వెనక్కి జరిపి, రెండుసార్లు లాగి చూసి, మూత బిగించారు.

వచ్చే ఆదివారానికి తెరిచే రకం కోరు చుట్టాలి. దాని రెండు సగాలు కలిసే చోట గాలి సందు ఎంత తగ్గించగలమో చూడాలి. తమ్ముడు గరుకు కాగితం తెస్తానన్నాడు.